వెల్డా వీపు

"నోటితో ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. ఏం అడగాలన్నా చేతులతోనే అడగాలి," అన్నాడు డాక్టర్ మెరిట్ హాస్కెల్.

కొరీన్ తలూపి, అరచేతులు రుద్దుకుని వేడి చేసుకుంది. చికిత్స బల్ల మీద బోర్లా పడుకున్న ఆవిడ డాక్టరు గారి భార్య వెల్డా. ఆదివారం కావడంతో రోగులెవరూ లేరు. చర్చి నుంచి నేరుగా వచ్చిన డాక్టరు టై అయినా విప్పకుండా కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

ఉత్తర మిస్సోరీలోని ఆ చిన్న ఊళ్లో తన క్లినిక్ అప్పగించడానికి ఆయన తగిన మనిషి కోసం వెతుకుతున్నాడు. ఇంతవరకు వచ్చినవాళ్లంతా ఆయనలాగే ఆస్టియోపతీ చదివినవాళ్లు. మందులు రాయడం, సూది వెయ్యడం, అవసరమైతే కత్తి పట్టడం తక్కిన డాక్టర్లలాగే వాళ్లకూ వచ్చు. దానికి తోడు ఇంకో చదువుంటుంది. ఒంట్లో ఎక్కడ బిగుసుకుందో చేత్తో తడిమి పట్టుకోవాలి, చేత్తోనే సడలించాలి. అందుకోసం కాలేజీలో కాగితం కింద తలవెంట్రుక పెట్టి, పైనుంచి వేలితో వెతికిస్తారు. దొరికితే మీద ఇంకో కాగితం వేస్తారు. హాస్కెల్ తన రోజుల్లో అందరికంటే ఎక్కువ కాగితాల కింద వెంట్రుకను పట్టాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ మాట మొదట చెప్పింది ఆయనే.

కొరీన్ కూడా అదే చదివి వచ్చింది, ఆ చదువంటే ఆమెకు ప్రాణం. కానీ నగరంలో ఆమె పనిచేసే ఆసుపత్రిలో చేతులకు రోగుల వివరాలు కంప్యూటర్లో టైపు కొట్టడమే పని. రోగి మీద చెయ్యి వేసేలోగా తరువాతి రోగి తలుపు దగ్గరికి వచ్చేస్తాడు. ఈ క్లినిక్ దక్కకపోతే మళ్లీ అక్కడికే పోవాలి.

పరీక్షకు హాస్కెల్ పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. బల్ల మీద పడుకున్న మనిషిదే తీర్పు. కూర ఎలా ఉందో తిన్నవాళ్లు చెప్పాలి గాని వండినవాళ్లు కాదంటాడు ఆయన. వచ్చినవాళ్లందరికీ వెల్డా తల అడ్డంగానే ఊపింది. తన చేతికి అలవాటు పడ్డ వీపు ఇంకెవరికి లొంగుతుందని ఆయన లోలోపల మురిసిపోయాడు.

ఇంతకీ తాను అలిసిపోయి మానుకోవడం లేదని కొరీన్‌కు రాగానే చెప్పాడు. ఇంకో పదేళ్లు సునాయాసంగా చేయగలడట. వెల్డాకే ఇక్కడి చలి పడటం లేదట. ఫ్లోరిడా పోదామని ఈ ఏడాది ఒకటే పోరట.

కొరీన్ వేళ్లు మెడ దగ్గర మొదలయ్యాయి. ఎడమ పక్క బిగుతు ఉందని చెప్పింది. అది అందరూ పట్టారని హాస్కెల్ ఆవలించాడు. ఆమె నెమ్మదిగా కిందికి దిగింది. కుడి భుజం ఎముక దాటాక ఆగిపోయింది. వెల్డా ఊపిరి పీల్చి వదిలేదాకా ఆగింది. మళ్లీ పీల్చేదాకా ఆగింది.

"ఇక్కడ. తక్కిన పక్కటెముకలన్నీ ఊపిరితో లేస్తున్నాయి. ఇదొక్కటి లేవడం లేదు. గట్టిగా ఎక్కడో పడ్డారు."

హాస్కెల్ లేచి వచ్చి, ఆమె వేళ్లు తప్పించి తన వేళ్లు పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఏమీ లేదు. ఈ వీపు మీద వారం వారం చెయ్యి వేస్తాను అమ్మాయీ. మా ఇంటి దారైనా మర్చిపోతాను గాని దీన్ని మర్చిపోను. ఇంకోసారి చూసి చెప్పు."

ఇంకోసారి చూడమనడంలోనే జవాబు ఉందని కొరీన్‌కు అర్థమైంది. అవునండీ, పొరపాటు పడ్డానంటే సరిపోతుంది. ఆమె మళ్లీ చెయ్యి పెట్టి చూసింది.

"ఉంది డాక్టరు గారూ."

"నేను లేదంటున్నాను."

"మీరు లేదన్నా నా చేతికి తెలుస్తూనే ఉంది. అబద్ధం చెప్పి మీ కుర్చీలో కూర్చోలేను."

హాస్కెల్ భార్య వైపు వంగి, ఎక్కడైనా పడ్డావా, అక్కడేమైనా నొప్పి ఉందా అని అడిగాడు. బల్లకున్న కంతలో ముఖం పెట్టి పడుకున్న వెల్డా తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"నాకేం నొప్పి లేదు మెరిట్."

ఆయన కొరీన్ వైపు చూసి జాలిగా నవ్వాడు. కొత్త చేతులకు లేనివి కూడా తగులుతాయనీ, వయసు వస్తే సర్దుకుంటుందనీ ఓదార్చాడు. కొరీన్ చెవులు ఎర్రబడ్డాయి. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. కోటు అందుకుంది.

వెల్డా లేచి కూర్చుని స్వెటరు గుండీలు పెట్టుకుంటూ, "క్లినిక్ ఈ అమ్మాయికే ఇచ్చెయ్," అంది.

"లేనిది ఉందంటోంది కదే!"

"తీర్పు నాదన్నావా లేదా?"

ఆయన కాసేపు గొణిగాడు. తరువాత, మొండితనం కూడా డాక్టరుకు కావలసిందేలే అని తనకు తానే సర్దిచెప్పుకుని, తాళాల గుత్తి తీసి కొరీన్ చేతిలో పెట్టాడు. తన రోగులను ఎలా చూసుకోవాలో చాలాసేపు చెప్పి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.

వెల్డా ఆమెను బండి దాకా సాగనంపింది. గుమ్మం మెట్లు దిగేటప్పుడు పక్కనున్న కమ్మీ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటే దిగింది. కొరీన్ అది చూసింది.

"నొప్పి లేదన్నారు!"

"జనవరిలో ఈ మెట్ల మీదే మంచుకు జారిపడ్డాను. తుమ్మితే ప్రాణం పోతోంది."

"మరి డాక్టరు గారికి ఎందుకు చెప్పలేదండీ?"

వెల్డా వెనక్కి తిరిగి కిటికీ వైపు చూసింది. లోపల ఆయన ఏదో పాట ఈల వేస్తున్నాడు.

"ఆయన చేతికే తగులుతుందేమోనని ప్రతి ఆదివారం ఎదురుచూశానమ్మా."