వీధి ధర

"ధర ఇంటికి కాదు ఆంటీ, వీధికి," అన్నాడు డియాన్, కిటికీ తెర పక్కకు లాగుతూ. "అదిగో కొండ. నాలుగడుగులేస్తే రైలు. మలుపులో కాఫీ హోటళ్లు. కేప్‌టౌన్‌లో మన హార్‌ఫీల్డ్ పేట పేరు చెబితే చాలు, ఎగబడుతున్నారు. ఈ రెండు గదులకి యాభై లక్షల రాండ్లు కళ్లు మూసుకుని ఇస్తారు."

డాఫ్నీ రూ టీ పోస్తోంది. ఎనభై దాటిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. తండ్రి పోయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఒక్కతే.

"కొండ మా నాన్న కట్టించాడా?"

"అది కాదు ఆంటీ..."

"పోనీ రైలు నేను వేయించానా? నావి కానివాటికి నేనెందుకు డబ్బు తీసుకోవాలి?"

డియాన్ నవ్వేశాడు. ఇళ్లు అమ్మిపెట్టడం అతనికి కొత్త కాదు. ముసలివాళ్లు మొదట బిగుసుకుంటారు. అంకె చెవిన పడితే మెత్తబడతారు.

ఈవిడ మెత్తబడలేదు. గోడ కొట్టేసి ఈతకొలను కట్టుకుంటామన్న కొత్త దంపతుల మొహం మీదే తలుపు వేసింది. ఇంకో అయిదు లక్షలు ఎక్కువిస్తానన్న దంత వైద్యుడు వస్తే కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"మరి అమ్మకానికెందుకు పెట్టారు?" డియాన్‌కి ఒళ్లు మండింది.

"నేను పెట్టలేదు. కాగితాలు రాయించమని నిన్ను పిలిచాను. అమ్మకం బోర్డు పాతింది నువ్వు. కొనే మనిషి ఎప్పుడో కుదిరింది. రెండు వేల నాలుగు వందలకి."

"రెండు వేల నాలుగు వందల... వేలా? ఇరవై నాలుగు లక్షలంటే సగం ధరే కదా ఆంటీ!"

"వేలు కాదు. రాండ్లు."

"దానికి మంచి సైకిలు కూడా రాదు!"

సంగతి వీధంతా పాకింది. ఎదురింటి మిసెస్ పికరింగ్ గేటు దగ్గర్నుంచే అరుచుకుంటూ వచ్చింది. "నువ్వు అంతకి అమ్మితే రేపు మా ఇళ్లకేం పలుకుతుంది? వీధి మొత్తం ముంచుతావా?"

"మునగనీ."

"నీకు మతి పోయింది!"

"ఉందని డాక్టరు చేత రాయించుకున్నాను. నీ దగ్గరుందా అలాంటి కాగితం?"

డియాన్ చివరి అస్త్రం తీశాడు. "ఎంతకి అమ్మినా ఇంటి అసలు విలువ మీదే పన్ను పడుతుంది, ఆంటీ."

"పడనీ. అందుకే మా అమ్మ నగలు అమ్మేశాను. వృద్ధాశ్రమంలో గది కూడా చూసుకున్నాను. ఇంకేమైనా బెదిరింపులున్నాయా?"

సంతకాల రోజున కొనే మనిషి వచ్చింది. గదీజా సాలీ. తలకు రుమాలు, చేతిలో చిన్న సంచి. ఊరి చివరి ఇసుక పేటల నుంచి రెండు వ్యాన్లు మారి వచ్చిందట. గడప దగ్గర ఆగిపోయి, గోడ పట్టుకుని, మెల్లగా లోపలికి అడుగు పెట్టింది.

డియాన్‌కి అంతా అర్థమైనట్టే అనిపించింది. ఒంటరి ముసలావిడ, మంచి మాటలతో ఎవరో వల వేశారు. రుసుము పోతే పోయిందిలే, ఈ మోసం తన చేతుల మీదుగా జరగడమేమిటి? గదీజా నోట్లు తీసి బల్ల మీద పెట్టగానే ఉండబట్టలేకపోయాడు.

"ఏం చెప్పి ఈవిడను బుట్టలో వేసుకున్నారో నాకు తెలీదమ్మా. ఇంత ఖరీదైన ఇంటిని ఈ డబ్బుకి తీసుకోవడానికి మీకు సిగ్గుగా లేదూ?"

"నోరు ముయ్యి!" డాఫ్నీ కుర్చీలోంచి లేచింది.

"అడగనీ, డాఫ్నీ." గదీజా గొంతులో కోపం లేదు. "నాకోసం ఈవిడ ఏడాది పాటు మా పేటలన్నీ తిరిగింది బాబూ. మొదటిసారి వస్తే నేను తలుపే తీయలేదు."

"ఎందుకని?"

"ఈ వీధి తెల్లవాళ్లదని సర్కారు చట్టం చేసి మమ్మల్ని పొమ్మన్న ఏడు, మా ఈ ఇంటి బేరం ఈ గదిలోనే జరిగింది."

ఆమె నోట్లను డాఫ్నీ వైపు జరిపింది.

"వీళ్ల నాన్న మా నాన్న చేతిలో పెట్టింది ఇంతే."