రెండుసార్లు వాగు దాటిన డోలీ

ఫ్రెంచి సినిమా మొదలైన కాసేపటికే అరకులోయ హాల్లో సగం మంది సెల్‌ఫోన్లు తీశారు.

తెర మీద మంచు. మంచులోంచి కొండ. మాట లేదు, పాట లేదు. విశాఖ నుంచి వచ్చిన సినిమా క్లబ్బువాళ్ళు మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని బుద్ధిగా చూస్తున్నారు. అర్థం కాలేదని ఒప్పుకుంటే పరువు పోతుంది మరి.

వెనక వరసలో ఫల్గుణ, పక్కన అతని బావమరిది బుధు కూర్చున్నారు. సినిమా తీసింది వాళ్ళ కొండ మీదే. నటులను సన్మానిస్తామని జీపు పంపి మరీ పిలిపించారు. ఆ జీపు ఎక్కడానికి ఇద్దరూ తెల్లారగట్లే కొండ దిగారు. పైకి ఇంకా రోడ్డు లేదు.

ఫల్గుణకి సన్మానం అక్కర్లేదు. భార్య రాజకుమారి పోయి ఏడాది దాటింది. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. ఈ సినిమాలో ఆమె ఉంది. ఆ మొహం ఒక్కసారి కనిపిస్తే చాలనుకుని వచ్చాడు.

ముందు వరసలో కిరాణా కొట్టు వీరభద్రరావు ఆవలించాడు. టికెట్టు లేదన్నారని కొట్టు కట్టేసి వచ్చాడు, పాపం.

అప్పుడొచ్చింది డోలీ. కర్రకు దుప్పటి కట్టి, రోగిని అందులో పడుకోబెట్టి, ఇద్దరు భుజాన మోస్తూ వాగు దాటుతున్నారు. ముందు ఫల్గుణ, వెనక బుధు. దుప్పట్లోంచి పచ్చబొట్టు పొడిచిన చెయ్యి ఒకటి బయటికొచ్చి అంచును గట్టిగా పట్టుకుంది.

అది రాజకుమారి చెయ్యి. ఫల్గుణ ముందుకు వంగి కళ్ళు చించుకుని చూశాడు. మొహం దుప్పటి చాటునే ఉండిపోయింది. డోలీ మంచులో కలిసిపోయింది.

కాసేపటికి మళ్ళీ అదే వాగు, అదే డోలీ.

"ఏటి బాబూ, మిషను పాడైపోనాదేటి? సూసిందే సూపిత్తన్నారు," అన్నాడు వీరభద్రరావు. హాలంతా నవ్వింది.

ఈసారి చెయ్యి దేన్నీ పట్టుకోలేదు. డోలీ ఊగినప్పుడల్లా ఊగుతోంది. మొహం ఈసారీ కనిపించలేదు. ఇక కనిపించదని ఫల్గుణకి తెలిసిపోయింది.

లైట్లు వెలిగాక చర్చ పెట్టారు. సీను మళ్ళీ రావడం కాలచక్రం అన్నాడొకాయన. డోలీలో అసలు మనిషే లేదు, మోస్తున్నది మన నాగరికతని అంది లావణ్య అనే లెక్చరరు. క్లబ్బు పెద్ద లక్ష్మీప్రసాద్ అందరినీ ఆపి, కిటుకంతా ఆ చేతిలోనే ఉందన్నాడు. ఒకసారి బతుకు, ఒకసారి చావు. ఇంత గొప్ప నటన తన జన్మలో చూడలేదట.

ఫల్గుణని వేదిక ఎక్కించి శాలువా కప్పారు. ఈ సినిమాకి ఎందుకు ఒప్పుకున్నారని అడిగారు. పక్క కొండవాళ్ళ డోలీని ఎవరో సెల్లులో తీస్తే టీవీలో వచ్చిందని, నెల తిరక్కుండా వాళ్ళకి రోడ్డు పడిందని, అప్పటి నుంచి కెమెరా మనిషిని తమ కొండ మీద ఎవరూ కాదనరని చెప్పాడు. సినిమా తీయడానికి వచ్చిన ఫ్రెంచాయనకి తమ భాష రాదు, ఏం కావాలన్నా సైగలే.

జనం చప్పట్లు కొట్టారు.

"ఆవిడ చేత రెండోసారి అంత సహజంగా ఎలా చేయించారు? ఆ చెయ్యి నిజంగా ప్రాణం లేనట్టే ఉంది. బాగా రిహార్సల్ చేశారా?" అని అడిగాడు లక్ష్మీప్రసాద్.

"పద బావా, ఎల్లిపోదాం," అని కింద నుంచి బుధు చెయ్యి లాగాడు.

ఫల్గుణ కదల్లేదు.

జ్వరంతో వణికిపోతున్న రాజకుమారిని ఆస్పత్రికని దింపుతుంటే, వెలుతురు చాలలేదు మళ్ళీ రమ్మని ఆ ఫ్రెంచాయన సైగ చేసినప్పుడు, రోడ్డు వస్తుందని నమ్మి డోలీని తిరిగి కొండ మీదికి మళ్ళించింది ఫల్గుణే.