అక్క కంప్యూటర్

అప్‌డేట్ అయినప్పటి నుంచి కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని అక్క మొరపెట్టుకున్నప్పుడల్లా తమ్ముడిది ఒకటే మాట. "నేను ఇక్కణ్ణుంచే బాగుచేస్తాలే అక్కా. ఆ సాయం అడిగే విండో తెరిచి ఉంచు, మూయకు."

ఆ విండోలో ఆమె సాయం అడిగినప్పుడల్లా అతని ఫోన్ మోగేది. పనేమీ లేకపోయినా "తర్వాత" అన్న బటన్ నొక్కేవాడు. ఆమె ఒక్కసారీ కోప్పడలేదు.

అక్క పోయాక, ఒక సాయంత్రం చీకటి పడుతుండగా వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

"మీ అక్క ఫొటోలన్నీ ఇందులోనే ఉన్నాయి బావమరిదీ. ఇన్నాళ్లకు తీరిందా నీకు?" అన్నాడు బావ, నవ్వబోయి నవ్వలేక. ఆ తర్వాత లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

తమ్ముడు మౌస్ అందుకున్నాడు. కాసేపు వెతికితే జబ్బు దొరికింది. మూయవద్దన్న ఆ విండోను ఆమె మూయనేలేదు. జవాబు కోసం ఎదురుచూస్తూ, అది కంప్యూటర్ సత్తువంతా లోలోపల తినేస్తోంది. దాన్ని మూసి, పూర్తిగా తీసేసి, ఎందుకైనా మంచిదని నెట్ వైరు కూడా పీకేశాడు. కంప్యూటర్ లోపలి ఫ్యాన్ హోరు ఆగింది. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

అప్పుడు జేబులో ఫోన్ మోగింది. అక్క కంప్యూటర్ సాయం అడుగుతోంది.

బొటనవేలు అలవాటు చొప్పున "తర్వాత" నొక్కేసింది.

నొక్కాక గాని తానేం చేశాడో అతనికి తెలియలేదు. తలెత్తి కంప్యూటర్ వైపు చూశాడు. కీబోర్డు మీద ఎవరి చెయ్యీ లేదు. ఖాళీ తెర మీద మాత్రం అక్షరాలు ఒక్కొక్కటే, ఆమె వెతుక్కుంటూ కొట్టినంత నెమ్మదిగా పడుతున్నాయి.

"సరేలే నాన్నా. నీకు వీలైనప్పుడే చూడు."