ఈతొస్తేనే పట్టా

“ఈ వయసులో ఎందుకండీ ఈ సాహసం? లోతు తక్కువున్న వైపు ఓ నాలుగడుగులు నడవండి, చాలు,” అంది బ్రెన్నా. ఆ కాలేజీలో ఈత నేర్పే పిల్ల ఆమె.

“నడవడానికైతే మా ఊళ్ళో రోడ్డు లేదా?” అంది వెర్లీన్, రబ్బరు టోపీలోకి తెల్లజుట్టు దోపుకుంటూ. “ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదాలి. అదీ పరీక్ష. అందరికీ ఒకటే నియమం.”

ఒహాయోలోని ఆ చిన్న కాలేజీలో ఎవరు ఏ చదువు చదివినా, అన్నీ కాస్త కాస్త రుచి చూడాల్సిందే. చరిత్ర చదివేవాళ్ళు రాళ్ళ గురించి తెలుసుకోవాలి, లెక్కలవాళ్ళు పాట పాడాలి, అందరూ ఒక పరాయి భాష నేర్వాలి. అవన్నీ అయ్యాక కొలను ఈదాలి. ఈదకపోతే పట్టా లేదు. అన్నీ వచ్చిన మనిషిని తయారుచెయ్యాలని పెద్దల తాపత్రయం. ఆ తాపత్రయంలో ఎవరు మునిగారో వాళ్ళు చూసుకోలేదు.

“మిగతావన్నీ ఆ చదువుకున్న రోజుల్లోనే పూర్తిచేశారా?” అడిగింది బ్రెన్నా.

“ఒక్కటీ వదల్లేదు. తత్వశాస్త్రం చదివాను. రాళ్ళని సుత్తితో కొట్టి పేర్లు చెప్పాను. ఫ్రెంచిలో ఇప్పటికీ తిట్టగలను, కావాలంటే విను. ఈ నీళ్ళ దగ్గరే ఆగిపోయాను. ఆఫీసు గడప తొక్కడానికి సిగ్గేసి, తిన్నగా నీ దగ్గరికే వచ్చాను.”

“చిన్నప్పుడు నేర్చుకోలేదా?”

“మా ఊళ్ళో కొలను తెల్లవాళ్ళకే తల్లీ. మేం కంచె బయట నిలబడి చూసేవాళ్ళం. ఇక ఎక్కడ నేర్చుకోను, స్నానాల తొట్టిలోనా?”

బ్రెన్నా మొహం ఎర్రబడింది. వంగి నీళ్ళమీది తాడు సర్దింది.

కొలను పక్క బల్లమీద ఓ ముసలాయన తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. లోపలికి రాగానే వెర్లీన్ ఆయన్ని గుర్తుపట్టింది. డాల్‌గ్రెన్. ఒకప్పుడు ఇక్కడ ఈత నేర్పినవాడు. ఈత రాకపోతే పట్టా రాదని ఆమె మొహాన చెప్పినవాడు. తొంభై దాటినా రోజూ వచ్చి నీళ్ళలో కాళ్ళాడించి వెళ్తాడట. ఆయన చూస్తుండగా ఈదాలని ఆమెకు మరింత పట్టుదల వచ్చింది.

“ఇంతకీ ఇప్పుడు పట్టా వస్తే ఏం చేస్తారు?”

“మా చెల్లెలూ అదే అడిగింది. ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది, ఇప్పుడు నీకు పట్టా ఏంటే అని.” వెర్లీన్ నవ్వింది కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. “టీచర్నవుదామనుకున్నానమ్మా. పట్టా లేనిదానికి తరగతి ఎవరిస్తారు? బడిలో చేరాననుకో, కాకపోతే వంటగదిలో. పాఠం చెప్పాల్సిన నోటితో ‘ఇంకాస్త మాకరోనీ వెయ్యనా’ అని అడుగుతూ బతికేశాను. పోయేలోపు ఒక్కసారి ఆ కాగితం మీద నా పేరు చూసుకోవాలి. అంతే.”

టోపీ చెవులమీదికి లాక్కుని నీళ్ళలోకి దిగింది.

ఈమధ్యే నేర్చుకున్న ఈత మొదట బాగానే సాగింది. నడిమధ్యకొచ్చేసరికి భుజాలు పట్టేశాయి. ఓ గుక్క నీళ్ళు లోపలికి పోయాయి. బ్రెన్నా గట్టు వెంట పరుగెడుతూ పొడవాటి కర్ర చాచింది.

“పట్టుకోండి, పట్టుకోండి.”

“తియ్యవతలకి,” అంది వెర్లీన్ దగ్గుతూ.

వెల్లకిలా తిరిగి, పైకప్పు వంక చూస్తూ, కాళ్ళు తపతపా కొట్టుకుంటూ, ఆగుతూ సాగుతూ వెళ్ళింది. దాన్ని ఈత అనడానికి లేదు, మునగలేదు, అంతే. చివరికి తల అవతలి గట్టుకి ఠప్పున తగిలింది. ఆ దెబ్బ కూడా ఆమెకు తియ్యగానే ఉంది. గోడ పట్టుకుని భోరున ఏడ్చింది.

బ్రెన్నా చెయ్యిచ్చి పైకి లాగి, తువ్వాలు కప్పింది. “పాసయ్యారు. ఇప్పుడే ఆఫీసులో చెప్పి వస్తాను,” అంటూ తడికాళ్ళతోనే పరుగెత్తింది.

ముసలాయన చేతికర్ర ఊతతో దగ్గరికొచ్చాడు. “బాగా ఈదావమ్మా. ఇంత మొండిమనిషిని నేనెప్పుడూ చూడలేదు.”

“చూశారు లెండి, మిస్టర్ డాల్‌గ్రెన్. డెబ్బైనాలుగులో ఇదే గట్టుమీద నన్ను నిలబెట్టారు. దిగలేక వణికిపోయాను. దిగకపోతే పట్టా లేదు పొమ్మన్నారు. మర్నాడు ఆదివారం అందరికీ పట్టాలిస్తారనగా, ఆ సాయంత్రమే బస్సెక్కేశాను. ఫెయిలయ్యానని మా అమ్మకి చెప్పడానికి ఎంత ఏడ్చానో మీకేం తెలుసు? ఆ తర్వాత ఈ కాలేజీ పేరున్న కవరు ఏదొచ్చినా, సిగ్గుతో విప్పకుండానే చెత్తబుట్టలో వేశాను.”

ఆయన చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. “నీ పేరేంటమ్మా?”

“ప్రూయిట్. అది పెళ్ళయ్యాక. అప్పుడు గేన్స్. వెర్లీన్ గేన్స్.”

ముసలాయన పక్కనున్న బల్ల పట్టుకుని మెల్లగా కూలబడ్డాడు.

“ఏమైంది మీకు? మంచినీళ్ళు తేనా?” అంది వెర్లీన్ కంగారుగా.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“నువ్వటు వెళ్ళాక నాకు మనసొప్పలేదమ్మా. నువ్వు పాసయ్యావని ఆ సాయంత్రమే ఆఫీసులో చెప్పేశాను,” అన్నాడు. “ఆదివారం వేదిక మీంచి నీ పేరు రెండుసార్లు పిలిచారు.”