గోడ లేని గుమ్మం

ఖాళీ పొలంలో పుంజు ఒక గుమ్మం నిలబెట్టింది. గోడ లేదు, కప్పు లేదు, ఉత్త గుమ్మమే. దాని మీద "దేవుని రాజ్యానికి దారి ఇదే" అని రాసి, ముందు కాపలా కూర్చుంది. గుమ్మానికి అవతల ప్రభువు నేల మీద కూర్చుని నూకలు చల్లుతున్నాడు.

మొదట ఓ మేకను వెంటబెట్టుకుని గాడిద వచ్చింది. "మా ముత్తాత ప్రభువును మోశాడు. నాకు ముందు వరసలో కుర్చీ వెయ్యి."

"మీ సంఘకాపరి ఇచ్చిన ఉత్తరం ఏదీ?" అంది పుంజు.

"తెచ్చాను. దారిలో ఈ మేక తినేసింది."

"నేను ఉపవాసంలో ఉన్నాను. గడ్డి ముట్టకూడదు మరి!" అంది మేక.

ఇంతలో ఓ కోడిపిల్ల మిడత వెంట పరుగెత్తుతూ గుమ్మం పక్కనుంచి లోపలికి వెళ్లిపోయింది.

"ఏయ్! గుమ్మం ఇటుంది!" అని అరిచింది పుంజు.

"మిడత ఇటు దూకింది మామా. గోడ లేదుగా!"

పుంజుకు తల కొట్టేసినట్టయింది. "అయితే గోడ కట్టండి!"

ముగ్గురూ మట్టి తొక్కి, చకచకా గోడ లేపారు. ఆ ఊపులో గుమ్మం కూడా పూడ్చేశారు.

ప్రభువు గోడ మీంచి తొంగి చూశాడు. "లోపల బోలెడు చోటుంది, రండర్రా!"

"వస్తాం ప్రభువా," అంది పుంజు, "గోడకు ఇంకొక్క వరసే ఉంది."