విలాయతి బ్రేకు

"రెండూ నీ ముందల పెట్టిన. ఏది ఎయ్యాల్నో నువ్వే చెప్పు మొగులన్నా," అన్నాడు మెకానిక్కు సీమోను, రెండు జతల బ్రేకు పట్టీలను మోటారు మడ్‌గార్డు మీద పరిచి.

ఒక జత విలాయతిది. నూనె కాగితంలో చుట్టి ఇన్నాళ్లూ పెట్టె అడుగున దాచుకున్నాడు. లడాయి మొదలై ఓడలు రావడం మానేశాక అలాంటి సరుకు పట్నంలో కంటికి కనబడటం లేదు. రెండోది కార్వాన్ బస్తీలో ఎవరో పాత మిషను బెల్టు కోసి చేసిన నకలు. పైకి చూస్తే రెండూ కవల పిల్లలే.

నవాబుగారి దేవిడీలో మోటారు నడిపే మొగులయ్య రెండింటినీ బొటనవేలితో రుద్ది చూశాడు.

"మా మున్షీ దీనికే పైసలిచ్చిండు," అన్నాడు నకలును చూపించి.

"అయితే ఫికరెందుకు? గదే ఏస్త. సాపు సడక్ మీద మంచిగనే ఆగుతది."

"జహనుమా దిగుడుల?"

సీమోను బీడీ ముట్టించాడు.

దిగుడు సంగతి మొగులయ్యకు ఒకరు చెప్పాలా? కిందటి శుక్రవారం అక్కడే బ్రేకు జారి జారి, ఉన్నట్టుండి పట్టింది. మోటారు ఎగిరిపడింది. వెనక పరదాల లోపల ఠప్పుమని ఏదో తగిలింది. లోపలున్నది బేగం సాహిబా. తిరిగి చూడటానికి లేదు, నోరు తెరిచి అడగటానికి లేదు. ఇంటికి పోయి, జనానాలో పనిచేసే తన భార్య రుక్మాబాయిని అడిగితే, అప్పటికే ఆమె తలనొప్పని శొంఠి పట్టు వేసుకుని పడుకుంది. "బేగం సాబ్‌కేం గాలే, మంచిగుంది. నన్ను జర పండుకోనియ్యి," అని అటు తిరిగింది.

"అవునే, మీ బేగం సాబ్‌కు మోటరంటే గుండెదడ అంటరు గద. మరి వారం వారం ఎట్ల ఎక్కుతది?" అన్నాడు సీమోను పొగ వదులుతూ.

"గాలి మారాలని హకీం చెప్పిండు, నవాబ్ సాబ్ హుకుం చేసిండు. మొదట్ల భయపడ్డది. నేను నడపబట్టి ఆ భయం పోయింది," అని మొగులయ్య మీసం సవరించుకున్నాడు.

ఆ గొప్ప అతనికి ఊరికే రాలేదు. ప్రతి శుక్రవారం గడప నుంచి మోటారు దాకా దాసీలు దుప్పటి అడ్డం పడతారు. తలుపు మూసుకుంటుంది. అతని వీపు వెనక అడ్డుచెక్క మీద రెండు తట్లు. అంటే పద అని. ఆ మనిషి ముఖం తెలియదు, గొంతు తెలియదు. ఆ రెండు తట్ల చుట్టూ మొగులయ్య ఒక లోకమే కట్టుకున్నాడు. అందులో ఆమె పరదా అంచును వేలెడంత జరిపి గుట్ట మీది మబ్బులను చూస్తుంటుంది. ఆమె చూస్తోందని అతను బండి నెమ్మది చేస్తాడు. కాసేపటికి చక్రాల కింద నేల ఉందో లేదో కూడా అతనికి తెలియదు.

సీమోను నకలు జత చేతిలోకి తీసుకున్నాడు. "ఇగ ఎయ్యాల్నా?"

మొగులయ్య చెయ్యి జేబులోకి పోయింది. అక్కడ రుమాలు ముడి ఉంది. "నన్ను ఒక్కసారన్న మోటరెక్కియ్యవా," అని రుక్మాబాయి అడిగినప్పుడల్లా, "మన మొఖాలకు మోటరా," అని నవ్వేసేవాడు. చివరికి లాడ్ బజార్ గాజులు తెస్తానని మాటిచ్చి సరిపెట్టాడు. ఆ గాజుల పైసలే ఈ ముడి.

"పాణంతోటి పని సీమోన్ భాయ్," అని ముడి విప్పాడు. "మా ఇంటామె గాజుల పైసలియి, విలాయతిదే ఎయ్యి."

"పరాయి ఆడమనిషి పాణానికి ఇంటామె గాజులు పాయె," అని నవ్వాడు సీమోను.

మొగులయ్య నవ్వలేదు. మాట సూదిలా గుచ్చుకుంది. అయినా ముడి మళ్లీ కట్టలేదు.

శుక్రవారం వచ్చింది. దుప్పటి అడ్డం పట్టారు, తలుపు మూశారు, రెండు తట్లు వినిపించాయి. అంతకుముందే వాన వెలిసింది. జహనుమా దిగుడంతా తడిసి మెరుస్తోంది, మబ్బులు గుట్ట మీద నుంచి దారి దాకా దిగి వచ్చాయి. సగం దిగాక ఆ మబ్బులోంచే పుట్టినట్టు బర్రెల మంద అడ్డం వచ్చింది. మొగులయ్య బ్రేకును కాలితో నొక్కాడు.

పడవ ఒడ్డుకు ఆనినట్టు మోటారు ఆగింది. బర్రెలు తమకేమీ పట్టనట్టు నెమరేస్తూ దాటిపోయాయి. వెనక ఏదీ తగిలిన చప్పుడు లేదు. కాసేపటికి చెక్క మీద మూడు చిన్న తట్లు వినిపించాయి. ఇన్నాళ్లలో ఎన్నడూ లేనిది. అది షాబాషే అనుకున్నాడు మొగులయ్య. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సాయంత్రం మాదన్నపేటలో ఇంటికి చేరేసరికి ఆ మబ్బు దిగిపోయింది, గాజుల బరువు మిగిలింది. రుక్మాబాయి నుదుటి మీద శొంఠి పట్టు లేదు. రొట్టెలు చేస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది.

"గాజులు... ఇంకో పండుగకు తెస్త రుక్మా," అన్నాడు తల వంచుకుని.

లొల్లి పెడుతుందనుకున్నాడు. పెట్టలేదు.

"తియ్యి, గాజులు ఏడికి పోతయి," అని వేడి రొట్టె పళ్లెంలో వేసింది.

ఆ మెత్తదనానికి అతనికి ఇంకా సిగ్గేసింది. మాట మార్చడానికి అడిగాడు. "తలనొప్పి తగ్గిందా మరి? వారం సంది బాధ పడుతుంటివి."

"తగ్గక ఏమైతది," అంది రుక్మాబాయి, రెండో రొట్టె పొయ్యి మీద తిప్పుతూ. "ఇయ్యాల బర్రెలు అడ్డమొచ్చినా ఎంత మెల్లగ ఆపినవ్, నా తల చెక్కకు తగలనే లే."