ఏ వరస అంకుల్?

సరిహద్దు తనిఖీ గదిలో అధికారి ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. అతనికి తెలుగు రాదు. పక్కన అనువాదకురాలు కూర్చుంది. ఎదురుగా ఒక నడివయసు మనిషి, ఏడేళ్ల పాప.

అధికారి అడిగిన ప్రశ్నను ఆమె పాపకు తెలుగులో చెప్పింది. “ఈయన నీకేమవుతారు?”

“అంకుల్,” అంది పాప. అతను ఇచ్చిన ప్రయాణ అనుమతి కాగితంలోనూ అదే ఉంది.

“మా వాళ్ల పిల్లేనండీ. కాస్త భయస్తురాలు,” అంటూ అతను పాప భుజం మీద చెయ్యి వేశాడు. పాప ఊపిరి బిగబట్టింది.

అది అనువాదకురాలి కంట పడింది. తన పని అడిగింది అడిగినట్టు చెప్పడమే. సొంతంగా నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. పొరపడితే ఒక మంచి మనిషి మీద నింద పడుతుంది. అయినా ముద్ర పడకుండా కాగితానికి అరచెయ్యి అడ్డంపెట్టి అడిగేసింది.

“అంకులంటే ఏ వరసమ్మా? పెదనాన్నా, బాబాయా, మామయ్యా?”

పాప అతని వంక చూసింది. అతను నవ్వుతూనే ఉన్నాడు. భుజం మీది వేళ్లు మాత్రం బిగిశాయి.

“ఎవరడిగినా అంకుల్ అనమన్నారు,” అంది పాప, ఏడుపు గొంతుతో. “ఇవేవీ చెప్పలేదు.”

ఆ రెండు మాటలనూ అనువాదకురాలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. అధికారి ముద్ర పక్కన పెట్టి, లేచి వెళ్లి తలుపు గడియ వేశాడు.